సంతకం పెట్టే ముందు సభకు చెప్పండి: మన ఆరుగురు లోక్‌సభ సభ్యులకు బహిరంగ లేఖ

అనంతపురం, హిందూపురం, కర్నూలు, నంద్యాల, కడప, రాజంపేట నియోజకవర్గాల గౌరవ లోక్‌సభ సభ్యులకు నమస్కారాలతో రాస్తున్న లేఖ.

2025 మే 30న కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ ముడి పామాయిల్, ముడి సోయా నూనె, ముడి పొద్దుతిరుగుడు నూనెలపై మూల దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించింది. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో దుక్కులు దున్ని, విత్తనం చెనక్కాయలు ఒలిపించి, తొలకరి కోసం రైతులు ఎదురుచూసే రోజులవి. ఆ తరువాత ఆగస్టు 18న, ఆదోని యార్డుకు కొత్త పత్తి రావడం మొదలయ్యేందుకు కొద్ది వారాల ముందు, పత్తి దిగుమతిపై ఉన్న 11 శాతం సుంకాన్ని సెప్టెంబరు 30 వరకు ఎత్తివేశారు. ఆగస్టు 28న ఆ మినహాయింపును డిసెంబరు 31 దాకా పొడిగించారు. అంటే ఆ ఏటి పంటలో పెద్ద భాగం యార్డులకు వచ్చే కాలమంతా సుంకం లేనట్టే. పత్తిపై మొదటి ఉత్తర్వు వచ్చిన నాటికి పార్లమెంటు వర్షాకాల సమావేశాలు ఇంకా నడుస్తున్నాయి, రెండోది వచ్చేనాటికి ముగిసి వారమైంది. ఈ నిర్ణయాలలో ఏ ఒక్కదానికైనా ముందు మీలో ఎవరినైనా సంప్రదించారా అన్నది ఈ లేఖలో నా మొదటి ప్రశ్న.

సంప్రదించలేదని మీరు చెబితే నేను ఆశ్చర్యపోను, ఎందుకంటే చట్టం ప్రకారం సంప్రదించవలసిన పని లేదు. ప్రజాప్రయోజనం పేరుతో సుంకాన్ని మినహాయించే అధికారాన్ని 1962 నాటి కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఉత్తర్వు వెలువడిన తరువాత దాని ప్రతిని ఉభయ సభల ముందు ఉంచితే సరిపోతుంది. అలా సభ ముందుకు వచ్చే కాగితాలను ఎంతమంది తిరగేస్తారో నాకంటే మీకే బాగా తెలుసు. పంచాయతీ నిధులతో వీధిలో సిమెంటు రోడ్డు వేయాలన్నా తీర్మానం ఉండాలనే ఈ దేశంలో, లక్షల ఎకరాల పంట ధరను కదిలించే నిర్ణయానికి ఒక్క చర్చ కూడా అక్కరలేకపోవడం నాకు మింగుడుపడటం లేదు.

ఇది ఏ ఒక్క పార్టీ చేసిన పని కాదు కాబట్టి కొంత వెనక్కి వెళ్లాలి. 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ మొదలైన తరువాత, 1990ల ఆరంభానికి వంటనూనెల్లో దేశం దాదాపు స్వయం సమృద్ధిని అందుకుంది. అందులో అనంతపురం ఎర్ర నేలల వాటా చిన్నదేమీ కాదు. 1994లో పామోలిన్‌ను స్వేచ్ఛా దిగుమతుల జాబితాలోకి తెచ్చినప్పుడు సుంకం 65 శాతం ఉండేది. ఆ దశాబ్దం ముగిసే లోపే అది 15 శాతం దాకా దిగింది. తరువాత పెరిగింది, మళ్లీ తగ్గింది, ఆ ఊగిసలాట ఇప్పటికీ ఆగలేదు. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మూల సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచిన ప్రభుత్వమే తొమ్మిది నెలలు నిండకుండా సగానికి తెచ్చింది. ఇవాళ దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా ఓడల్లో దిగుతున్నదే. మన రాష్ట్రంలోనే కృష్ణపట్నం రేవు చుట్టూ దిగుమతి ముడి నూనెను శుద్ధి చేసే కర్మాగారాలు వరుసగా వెలిశాయి.

ఒకప్పుడు ఉమ్మడి అనంతపురం జిల్లాలో సుమారు 20 లక్షల ఎకరాల్లో సాగైన వేరుశనగ కుంచించుకుపోవడానికి పామాయిల్ ఒక్కటే కారణమని నేను అనను. వరుస కరువులు, 2000లో వచ్చిన కాండం కుళ్లు తెగులు, కూలి ఖర్చులు, ఒకే పంటను నమ్ముకోవడం, అందుబాటులో లేని మేలైన విత్తనం, అన్నీ కలిశాయి. అయితే వీటిలో ప్రతిదాని గురించీ శాసనసభలో ఎప్పుడో ఒకప్పుడు చర్చ జరిగింది, పరిహారమో రాయితీయో అడిగే వీలు దొరికింది. సుంకం విషయంలో మాత్రం మన ప్రాంతం నోరు విప్పిన సందర్భాలు బహు తక్కువ. దానికి కారణం అలసత్వం ఒక్కటే కాదు. ఎక్కడ విప్పాలో తెలియకపోవడం కూడా.

2009 ఆగస్టులో ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) దేశాలతో సరుకుల వాణిజ్య ఒప్పందంపై భారత్ సంతకం చేసింది, 2010 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ముడి పామాయిల్‌పై సుంకాన్ని 37.5 శాతానికి, శుద్ధి చేసిన దానిపై 45 శాతానికి అంచెలంచెలుగా దించుతామని అందులో మాట ఇచ్చాం. కొబ్బరి, మిరియాలు, రబ్బరు పండించే కేరళ అప్పుడు ఊరుకోలేదు. అక్కడి అధికార పక్షం ఆ అక్టోబరు 2న రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా మానవహారం కట్టించింది. ఒప్పందం ఆగలేదు, కానీ తమ పంటకు ఏమి జరగబోతోందో కేరళ రైతుకు తెలిసింది. మన దగ్గర చెనక్కాయ రైతుకు ఆ సంగతి చెప్పిన ప్రజాప్రతినిధి నాకు గుర్తులేరు. ఒక మాట ఒప్పందంలో చేరితే, ఆ పరిమితి దాటి సుంకం పెంచే స్వేచ్ఛ తరువాత వచ్చే ప్రభుత్వానికి కూడా ఉండదు. అయిదేళ్లకు ఎన్నికైన మంత్రివర్గం ఇరవయ్యేళ్ల తరువాతి ఓటరు చేతులు కట్టేయగలగడమే నా అభ్యంతరానికి మూలం.

పత్తి విషయంలో ఎవరి మాట ఎక్కడిదాకా చేరుతుందో మరింత స్పష్టంగా కనబడింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. దుస్తుల ఎగుమతులకు పెద్ద దెబ్బ తగులుతుందని, ముడి పత్తి అయినా చవకగా దొరికేలా చూడాలని వస్త్ర పరిశ్రమ సంఘాలు కోరాయి. కోరిన కొద్ది కాలానికే సుంకం పోయింది. వారు కోరడంలో తప్పు లేదు. తిరుపూరు, సూరత్‌లలో పనిచేసే కూలీల బతుకూ ఆ మిల్లుల మీదే ఆధారపడి ఉంది, ఆ కూలీల్లో మన సీమ నుంచి వలస పోయినవారూ ఉంటారు. నా బాధ ఏమిటంటే, అమెరికా అధ్యక్షుడు వాషింగ్టన్‌లో తీసుకున్న నిర్ణయం మొదట మిల్లు యజమాని మీద పడింది, మిల్లు యజమాని దానిని ఢిల్లీకి చేర్చాడు, ఢిల్లీ దానిని ఆలూరు, పత్తికొండ, ఎమ్మిగనూరు రైతు మీదికి దించింది. ఆ ఏడాది పొడుగు పింజ పత్తికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. యార్డులో టెండరు వేసే వ్యాపారికి విదేశీ పత్తి ఏ ధరకు దిగుతోందో తెలుసు. తేమ ఎక్కువుందని ధర కోసినా, మర్నాటి దాకా సరుకును కాచుకోలేని రైతుకు బదులు చెప్పే దారి లేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు కేంద్రాలు తెరిచే దాకా ఆగగలిగినవాడికే ఆ మద్దతు ధర.

మిల్లులకు సంఘం ఉంది, సంఘానికి ఢిల్లీలో కార్యాలయం ఉంది, వాణిజ్య మంత్రిత్వ శాఖ ‘భాగస్వాములతో సంప్రదింపులు’ అన్నప్పుడు పిలుపు అందుకునే చిరునామా ఉంది. ఆదోని యార్డుకు బండి తోలే రైతుకు ఢిల్లీలో ఉన్న ఒకే చిరునామా మీది.

ఇక రాజ్యాంగం సంగతి. వ్యవసాయం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 14వ అంశం. విదేశాలతో ఒప్పందాలు చేసుకుని అమలు చేయడం కేంద్ర జాబితాలోనూ 14వ అంశమే, యాదృచ్ఛికంగా. ఒప్పందాన్ని అమలు చేయడానికి, రాష్ట్ర జాబితాలోని విషయంపైన అయినా, పార్లమెంటు చట్టం చేయవచ్చని 253వ అధికరణం చెబుతుంది. కానీ ఒప్పందం చేసుకునే ముందు పార్లమెంటు ఆమోదం తీసుకోవాలని ఎక్కడా లేదు. ఆ ఖాళీని అడ్డం పెట్టుకుని 1994లో మరకేష్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందాలపై సంతకం చేశారు. పేటెంట్ల చట్టాన్ని 1999, 2002, 2005లలో సవరించవలసి వచ్చినప్పుడు, కాదంటే అంతర్జాతీయ మాట తప్పినట్టవుతుందన్న ఒత్తిడి నడుమనే పార్లమెంటు ఆ చర్చ జరపవలసి వచ్చింది. జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య నాయకత్వాన రాజ్యాంగం పనితీరును సమీక్షించిన జాతీయ కమిషన్ 2002లో నివేదిక ఇస్తూ, రాష్ట్ర జాబితాలోని విషయాల్లో రాష్ట్రాల ప్రయోజనాలను గాఢంగా తాకే ఒప్పందాలపై సంతకం చేసే ముందు, కేంద్ర, రాష్ట్రాలు కూర్చుని మాట్లాడుకునే అంతర్రాష్ట్ర మండలితో సంప్రదించడం మంచిదని సూచించింది. ఆ మండలి 2016 జులైలో సమావేశమైంది. ఆ తరువాత ఏళ్ల తరబడి కూర్చోనే లేదు.

అన్ని దేశాల్లో ఇలా లేదు. 2025 జులై 24న బ్రిటన్‌తో మన దేశం సమగ్ర ఆర్థిక, వాణిజ్య ఒప్పందంపై సంతకం చేసింది. 2010లో చేసుకున్న చట్టం ప్రకారం, బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పంద పత్రాన్ని తన పార్లమెంటు ముందు 21 సమావేశ దినాలు ఉంచనిదే ధ్రువీకరించడానికి వీల్లేదు, దిగువ సభ అభ్యంతరం చెబితే ధ్రువీకరణ ఆగుతుంది. అదే ఒప్పందానికి మన వైపు కేంద్ర మంత్రివర్గం ఆమోదం చాలింది. ఒకే పత్రం, ఇద్దరు సంతకందారులు. లండన్ సభ్యుడికి ఉన్న హక్కు హిందూపురం సభ్యుడికి లేదు. బెల్జియంలో వల్లోనియా అనే ప్రాంతం ఉంది, జనాభా నలభై లక్షల లోపే. 2016 అక్టోబరులో అక్కడి ప్రాంతీయ పార్లమెంటు ఒప్పుకోకపోవడంతో ఐరోపా సమాఖ్య, కెనడాల మధ్య కుదిరిన ఒప్పందంపై సంతకాలు ఆగిపోయాయి. రైతుల రక్షణ గురించీ, పెట్టుబడి వివాదాల న్యాయస్థానం గురించీ రాతపూర్వక హామీలు పుచ్చుకున్నాకే ఆ ప్రాంతం తలూపింది. మన ఉమ్మడి అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల జనాభా వల్లోనియా జనాభా కంటే రెండింతలకు పైనే.

పెట్టుబడి వివాదాల మాట వచ్చింది కాబట్టి, సుంకాల కంటే నన్ను ఎక్కువ భయపెట్టే విషయం ఇక్కడే చెబుతాను. ద్వైపాక్షిక పెట్టుబడి ఒప్పందాల కింద విదేశీ కంపెనీ మన ప్రభుత్వంపై నేరుగా అంతర్జాతీయ మధ్యవర్తుల ముందు దావా వేయవచ్చు. మన కోర్టుల్లో కేసు ఏళ్ల తరబడి నలిగిందన్న కారణంతో 2011లో వైట్ ఇండస్ట్రీస్ అనే ఆస్ట్రేలియా కంపెనీ మన దేశంపై గెలిచింది. 2020లో వోడాఫోన్, కెయిర్న్ పన్ను వివాదాల్లోనూ తీర్పులు మనకు వ్యతిరేకంగానే వచ్చాయి. ఆంధ్రకు సంబంధించినదీ ఒకటుంది. విశాఖ మన్యంలో గిరిజనులు వ్యతిరేకించిన బాక్సైట్ తవ్వకాల నుంచి రాష్ట్ర ప్రభుత్వం వెనక్కి తగ్గి ఖనిజం సరఫరా ఒప్పందాన్ని రద్దు చేసినప్పుడు, అందులో వాటా ఉన్న, యుఏఈలోని రస్ అల్ ఖైమా పెట్టుబడి సంస్థ 2016లో యుఏఈతో మనకున్న పెట్టుబడి ఒప్పందాన్ని ఆధారం చేసుకుని భారత్‌పై మధ్యవర్తిత్వానికి దిగింది. అరకు ప్రాంత గిరిజనుడు తన ఎమ్మెల్యేపై ఒత్తిడి తెచ్చి సాధించుకున్నది, అతను పేరు కూడా వినని ఒక పత్రం కింద విదేశీ వేదికపై విచారణకు వచ్చిందన్నమాట. వైట్ ఇండస్ట్రీస్ తీర్పు వంటి అనుభవాల తరువాత 2015లో కేంద్రం జాగ్రత్తపడి కొత్త నమూనా తయారుచేసింది, పాత ఒప్పందాలను చాలావరకు రద్దు చేసింది. కంపెనీ అయిదేళ్లు మన కోర్టుల్లో ప్రయత్నించాకే బయటికి వెళ్లాలన్న షరతు ఆ నమూనాలో ఉంది. 2024లో యుఏఈతో చేసుకున్న కొత్త ఒప్పందంలో ఆ అయిదేళ్లు మూడేళ్లయ్యాయి. దేనికి బదులుగా ఆ రెండేళ్లు వదులుకున్నామో సభలో మీరు అడిగారా?

ఒక రాష్ట్రం ధైర్యంగా నిలబడితే ఏమవుతుందో కర్నూలు, నంద్యాల రైతులకు వివరించి చెప్పవలసిన పని లేదు. 2006లో బీటీ పత్తి విత్తనం 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలు దాటి, అందులో ఎక్కువ భాగం మహికో మోన్‌శాంటో కంపెనీ రాయల్టీగానే పోతున్నప్పుడు, ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌లో ఫిర్యాదు చేసి, ధరను 750 రూపాయలకు దింపింది. మరుసటి ఏడాది ఆ అధికారాన్ని చట్టంగానే రాసుకుంది. పార్టీలకు అతీతంగా మనం గర్వించదగ్గ పని అది. కానీ పెట్టుబడి రక్షణ షరతులు గట్టిగా బిగించిన ఒప్పందం ఉన్నప్పుడు, ఆ ఫైలు మీద సంతకం పెట్టాల్సిన కార్యదర్శి పరిహారం దావా వస్తుందేమోనని ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. దావా వేయనక్కరలేదు, వేస్తారన్న భయం చాలు.

నేను వాణిజ్యానికి వ్యతిరేకిని కాను. తాడిపత్రి అరటి 2020 నుంచి రైళ్లలో ముంబయి రేవుకు, అక్కడి నుంచి పశ్చిమాసియాకు పోతోంది. మంగంపేట ముగ్గురాయిని విదేశీ చమురు బావులు కొనకపోతే ఆ గనికి అంత విలువ లేదు. పెనుకొండ దగ్గర కొరియా కార్ల కర్మాగారం వచ్చాక ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఉద్యోగాలు దొరికాయి. నేను అడుగుతున్నది తలుపులు మూయమని కాదు. తలుపు ఎంత తెరవాలన్నది నిర్ణయించే చోట మా ప్రతినిధి కూడా ఉండాలని అడుగుతున్నాను.

పెద్ద కంపెనీల మాట ఎందుకు చెల్లుతుందన్న ప్రశ్నకు మరో జవాబు కూడా ఉంది, దానిని దాటవేస్తే ఈ లేఖ నిజాయితీగా ఉండదు. 2017లో ఎన్నికల బాండ్లు ప్రవేశపెట్టినప్పుడే, కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకు ఇవ్వకూడదన్న పరిమితిని తొలగించారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు అయిదుగురు సభ్యుల ధర్మాసనం బాండ్లనూ, ఆ సవరణనూ కొట్టివేసింది. బయటపడిన వివరాల్లో బాండ్లు అందుకున్న పార్టీల జాబితాలో జాతీయ పార్టీలతో పాటు, మన రాష్ట్రంలో ఇప్పుడు అధికారంలో ఉన్న పార్టీ, అంతకుముందు అధికారంలో ఉన్న పార్టీ రెండూ ఉన్నాయి. ఇచ్చినవారు ఏం కోరి ఇచ్చారో నేను ఊహించబోను. విరాళం ఇవ్వలేని వేరుశనగ రైతు సంగతి అడిగే బాధ్యత మాత్రం పుచ్చుకున్న పార్టీల సభ్యులకు మరింత ఎక్కువగా ఉంటుంది.

మీరు చేయగలిగినవి ఉన్నాయి. లోక్‌సభలో శుక్రవారాల మధ్యాహ్నం ప్రైవేటు సభ్యుల కార్యక్రమానికి కేటాయించిన సమయం ఉంటుంది. ప్రతి వాణిజ్య, పెట్టుబడి ఒప్పందం ముసాయిదాను సంతకానికి ముందు నిర్ణీత కాలం పార్లమెంటు ముందు ఉంచాలని, వ్యవసాయాన్ని తాకే అధ్యాయాలపై రాష్ట్రాల అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకుని బయటపెట్టాలని కోరే బిల్లును మీలో ఒకరు ప్రవేశపెట్టండి, మిగిలిన అయిదుగురు సమర్థించండి. ప్రైవేటు బిల్లులు చట్టాలు కావడం అరుదని నాకు తెలుసు. అయినా దానిపై చర్చ జరిగితే మంత్రి జవాబు చెప్పాలి, ఆ జవాబు రికార్డులో ఉంటుంది. పార్లమెంటు వాణిజ్య స్థాయీ సంఘం ఉంది. వంటనూనెల సుంకాల ప్రభావాన్ని పరిశీలించమని కోరుతూ, ఆదోని, అనంతపురం, కర్నూలు యార్డుల్లో సాక్ష్యాలు తీసుకోమని లేఖ రాయండి. విత్తు మొదలైన నాటి నుంచి మార్కెట్ సీజన్ ముగిసే దాకా ఆ పంటకు పోటీ వచ్చే సరుకుపై సుంకం తగ్గించాలంటే, కారణాలు, కోరినవారి పేర్లు, రైతుకు జరిగే నష్టం అంచనా ఉత్తర్వుతో పాటే ప్రకటించాలని కస్టమ్స్ చట్టానికి సవరణ అడగండి. అంతవరకు ఆగలేమంటే, లోక్‌సభ 377వ నిబంధన కింద ఒక ప్రస్తావన, మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన చుక్క గుర్తు ప్రశ్న ఒకటి ఎంతో కష్టం కావు: మే 30, ఆగస్టు 18, ఆగస్టు 28 ఉత్తర్వుల ముందు ఎవరెవరిని సంప్రదించారు, వారిలో రైతులు ఎందరు?

మీలో కొందరు కేంద్రంలో అధికారం పంచుకుంటున్న కూటమిలో ఉన్నారు, కొందరు ప్రతిపక్షంలో ఉన్నారు. 2024లో ఏ పార్టీకీ సొంతంగా ఆధిక్యం రాని లోక్‌సభలో ఆంధ్ర సభ్యుల మాటకు గతంలో లేని బరువు వచ్చింది. రాజధాని నిధులకు, ప్రాజెక్టులకు ఆ బరువును వాడారు, మంచిదే. అమెరికాతో, ఐరోపా సమాఖ్యతో ఒప్పందాల మాట నడుస్తున్న ఈ కాలంలో సోయా నూనె, పత్తి, పాలు, విత్తనాల హక్కులు బేరంలోకి వచ్చినప్పుడు కూడా ఆ బరువు చూపించండి. విదేశీ బేరసారాల్లో గోప్యత అవసరమని అధికారులు మీకు చెబుతారు. మన చేతిలోని పేకముక్కలు ఎదుటివారికి తెలియకూడదన్న మాట కొంతవరకు నిజమే, కానీ అమెరికా కాంగ్రెస్‌కూ, ఐరోపా పార్లమెంటుకూ చెప్పుకుంటూనే ఆ దేశాలు బేరం బాగానే నడుపుతున్నాయి.

వచ్చే సమావేశాలు మొదలయ్యేలోగా, ఈ బిల్లును ఎవరు ప్రవేశపెడతారో, వాణిజ్య స్థాయీ సంఘానికి లేఖ ఎవరు రాస్తారో పత్రికాముఖంగా తెలియజేయాలని కోరుతున్నాను. చేయదలచుకోకపోతే ఆ కారణాలనూ అలాగే చెప్పండి. మీరిచ్చే సమాధానం ఏదైనా గుంతకల్లు, గుత్తి, ఆదోని, ఎమ్మిగనూరు యార్డుల నోటీసు బోర్డులపై అంటించే ఏర్పాటు మేము చేసుకుంటాం.

ఇట్లు,
అనంతపురం లోక్‌సభ నియోజకవర్గ ఓటరు,
గుంతకల్లు